మూతల మీద రాసిన పాళ్ళు

నా థీసిస్ నాలుగో అధ్యాయంలో, పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. సహాయక సిబ్బంది నమూనాలను సరిగా ఆరబెట్టనందున ఒక విడత ఫలితాలను లెక్కలోకి తీసుకోలేదు అని దాని అర్థం. ఇంగ్లీషులో గొప్ప మర్యాదగా రాశాను. ఆ వాక్యం పచ్చి అబద్ధం. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలతో ఆ పుస్తకం లైబ్రరీ బీరువాలో నిలబడి ఉంది. దాన్ని తీసి చదివేవాడు లేడు, అందుకని అడిగేవాడూ లేడు. నాకు మాత్రం ఏటా ఆ పాఠం చెప్పాల్సిన వారం వచ్చేసరికి ఒళ్ళు మండుకొస్తుంది. ఎవరి మీద అంటే, ముందు నా మీదే.

విజయనగరంలో ఒక కాలేజీలో ఎమ్మెస్సీ పిల్లలకి పాలిమర్లు చెబుతాను. బ్లాక్ కోపాలిమర్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు పెన్నులు కింద పెట్టేస్తారు, పేరు చూసే భయం. అందులో భయపడాల్సిందేమీ లేదు. మేం పనిచేసిన సరుకులో రెండే ఉంటాయి. ఒకటి పాలీస్టైరీన్, గట్టిది. పుటుక్కున విరిగే చవక ప్లాస్టిక్ దువ్వెన దాని తాలూకే. రెండోది పాలీబ్యూటాడైన్, రబ్బరు. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి పడదు. విడివిడిగా తెచ్చి కలిపితే, ఎంత కలిపినా ఎవరి దారి వాళ్ళదే. అదే రెండింటినీ కొసకి కొస కలిపి ఒకే గొలుసుగా కట్టేస్తే? ఇంక ఎక్కడికని పోతాయి? ఒకే వంటింట్లో మాటల్లేని తోడికోడళ్ళలాగా కలవనూ లేక, పోనూ లేక, దేని మూల అది చూసుకుంటుంది. ఆ మూలలు మామూలు కంటికి, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆననంత చిన్నవి.

ఆ మూలలు ఎలా అమరుతాయన్నది పాళ్ళని బట్టి ఉంటుంది. స్టైరీన్ నూటికి ముప్పై పాళ్ళుంటే, రబ్బరు మధ్యలో సన్నటి గట్టి కడ్డీలుగా సర్దుకుంటుంది. ఆ సరుకు చెప్పు అడుగులాగా సాగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. సగం సగం అయితే గట్టిదొక పొర, మెత్తనిదొక పొరగా పేర్చుకుంటాయి. అది బిరుసుగా ఉంటుంది. లాగితే తెల్లబడి, సాగినంత మేరా అలాగే ఉండిపోతుంది. డెబ్బై దాటితే ఇంక రబ్బరు ఊసే లేదు, గట్టి ప్లాస్టిక్కే. సరుకు అదే, పాళ్ళు మారాయంతే. నా ఐదేళ్ళ పరిశోధన మొత్తం ఈ నాలుగు ముక్కలే. దీన్ని రెండు వందల పేజీలు చేస్తేనే డాక్టరేట్ ఇచ్చారు.

అప్పుడు మా ల్యాబు ఊరి చివర ఒక విద్యాసంస్థలో, రెండో అంతస్తులో ఉండేది. మా గైడే డిపార్ట్‌మెంటుకి హెడ్డు కూడా. ఆయన ఎవరినో పట్టుకుని మూడు సీసాల సరుకు తెప్పించారు. ముప్పై పాళ్ళది, యాభై పాళ్ళది, డెబ్బై పాళ్ళది. మూడోది సగ్గుబియ్యంలా నిగనిగలాడుతూ ఉండేది, దాన్ని గుడ్డివాళ్ళు కూడా పోల్చగలరు. మొదటి రెండూ మాత్రం తెల్లటి పలుకులు, అచ్చం కవలపిల్లలు. అందుకని రాసి పెట్టుకోవాలి కదా. సీసా మీద రాస్తే, సరుకు కరిగించే టోలుయిన్ తడి చెయ్యి తగిలి చెరిగిపోతోందని, మూతల మీద ప్లాస్టర్ ముక్కలు అంటించి 30, 50, 70 అని రాశాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ల్యాబు ఊడ్చి, తుడిచి, గ్లాసు సామాను కడిగే ఆవిడని నేను పిన్నీ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మడూ అనేది, కోపమొస్తే మేడంగోరూ అనేది. పుట్టిల్లు భావనపాడు, సముద్రం ఒడ్డు. పెళ్ళయి ఇటు వచ్చింది. భర్త పోయాక కంటోన్మెంటు వైపు ఒక గదిలో ఒక్కతే ఉండేది. కాంట్రాక్టు మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ కింద పదకొండేళ్ళుగా మా డిపార్ట్‌మెంటులోనే పని. అయితే ఆ ఏడాది ఒక మాట గట్టిగా వినబడింది. పదేళ్ళు దాటిన వాళ్ళ పేర్లు పర్మినెంటు చెయ్యడానికి పంపిస్తారట, హెడ్డు మంచిగా రాసి సంతకం పెడితే చాలట. పిన్ని దరఖాస్తు రాసింది నేనే. ఆవిడ నా పక్కన నిలబడి, నేను రాసే ప్రతి అక్షరాన్నీ కదలకుండా చూసింది.

"నా పేరు సరిగ్గా రాసినావేటి అమ్మడూ?" అని రెండుసార్లు అడిగింది.

"సరిగ్గానే రాశాను పిన్నీ, కంగారు పడకు."

"కంగారేటి? ఇది వచ్చిందంటే నాను సచ్చీదాకా ఎవల గుమ్మం ఎక్కనక్కర్నేదు."

దాని తర్వాత వారానికోసారైనా "ఆ కాగితం ఎక్కడిదాకా వచ్చినాదో కనుక్కో" అని నా వెంట పడేది. ఆవిడకి ఆ ఏడాది వేరే ధ్యాస లేదు.

పిన్నికి ఇంకో అలవాటుండేది. నేను తూకం వేసేటప్పుడు బల్ల మీద పలుకులు ఒలికేవి. వాటిని చీపురుతో తోసేసే ముందు అరచేతిలోకి తీసుకుని, గోళ్ళతో నొక్కి, లాగి చూసేది. నేనేమో గ్లవ్స్ వేసుకుని స్పాచ్యులా గరిటెతో తీసే మనిషిని. మూడేళ్ళలో ఆ సరుకుని ఒట్టి వేళ్ళతో ఒక్కసారి కూడా నొక్కి చూడలేదు. పిన్ని ఆ సీసాలకి పేర్లు కూడా పెట్టింది. షెల్ఫులో మొదటిది సాగీది, రెండోది మొండిది, మూడోది సగ్గుబియ్యం. నేను నవ్వేదాన్ని. సీసాల మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. "ముట్టుకోకు పిన్నీ, నీకు తెలీదు" అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకునేది.

దసరాకి ల్యాబులో ఆయుధ పూజ. మా ఊళ్ళో లారీల దగ్గర్నుంచి కుట్టు మిషన్ల దాకా అన్నిటికీ పసుపు బొట్లు పడే రోజు, రసాయన శాస్త్రానికి మినహాయింపేమీ లేదు. ముక్కల్ని సాగదీసి కొలిచే లాగుడు యంత్రానికి నిమ్మకాయలు కట్టాం, త్రాసుకి బంతిపూల దండ వేశాం. మాది పూజలూ పాఠాలూ రెండూ తెలిసిన ఇల్లు కాబట్టి నాకు హడావుడి ఎక్కువ. మూతల మీద జిడ్డు చూసి, ఈ మకిలి మీద పసుపేమిటని, మూతలన్నీ తీసి, సీసాల నోళ్ళకి కాగితాలు కట్టి, మూతల్ని సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, బొట్లు పెట్టి పటం ముందు వరసగా పేర్చాను. పిన్ని అప్పుడు మెట్లు కడుగుతోంది. హారతి అయ్యాక, కొబ్బరికాయ ముక్క నోట్లో పెట్టుకుని, మా గైడు చెప్పే జోకుకి నవ్వుతూ, మూతలన్నీ సీసాలకి బిగించేశాను. తర్వాత మూత మీద అంకె చూసి షెల్ఫులో వరసగా సర్దాను. ఆ నవ్వులో ఏ మూత ఏ సీసాకి పెట్టానో నేను చూసుకోలేదు.

సెలవులయ్యాక కొత్త విడత మొదలుపెట్టాను. సరుకుని టోలుయిన్‌లో కరిగించి గాజు పళ్ళేల్లో పోసి, పైన ఇంకో గిన్నె బోర్లించి, వారం పది రోజులు మెల్లగా ఆరనివ్వాలి. తొందరపడితే లోపలి అమరిక కుదరదు. ఆ మూలలన్నీ తీరుబడిగా సర్దుకోవాలి మరి. మొదటి రోజు సాయంత్రం పిన్ని బల్ల తుడుస్తూ ఆగిపోయింది. చేతిలో పలుకులు.

"అమ్మడూ, ఇది ఏ సీసాదే?"

"మొదటిది. ముప్పై."

"ఇది సాగీది కాదే. మొండిగున్నాది. ఆ రెండోదేమో సాగుతున్నాది. అటిటు అయిపోనాయేమో, ఓపాలి సూసుకో."

నాకు ఆ రోజు ఫెలోషిప్పు కాగితాల గొడవ, తలనొప్పి. "పిన్నీ, నువ్వు చీపురు సంగతి చూసుకో, సీసాల సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఆవిడ "అలాగే మేడంగోరూ" అని పలుకులు బుట్టలో పడేసింది. గాలి తేమ ఎంతో, కిటికీ ఎన్ని గంటలకి మూశానో కూడా నా నోటుబుక్కులో ఉంది. ఈ మాట లేదు.

తర్వాత వాయుగుండం. మూడు రోజులు ఒకటే ముసురు, కరెంటు వస్తూ పోతూ ఉంది. నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను. నాలుగో రోజు ఎండ కాసింది. నేను వెళ్ళేసరికి నా గాజు పళ్ళేలన్నీ మేడ మీద పిట్టగోడ మీద, పైన గిన్నెలు తీసేసి, వరసగా ఎండలో ఉన్నాయి. పక్కన పిన్ని కాకుల్ని తోలుతూ కూర్చుంది.

"ఏటి పిన్నీ ఈ పని! ఎవరు పెట్టమన్నారు?"

"మూడు దినాలు తడిగానే ఉన్నాయే. కంపు కొడతన్నాయి. తడి సరుకు నీడనెడితే పురుగు పడిపోద్ది. మా ఊర్లో ముసురు తగ్గినాక ముందు సేపలు ఎండలో ఎయ్యకుండా మంచినీళ్ళు కూడా తాగము."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పురుగు పట్టడానికి ఇవేమైనా చేపలా? నాలుగు కేకలేసి, పళ్ళేలు లోపలికి తెచ్చుకున్నాను. పది నిమిషాలు ఉన్నాయో, గంట ఉన్నాయో ఆవిడకీ తెలీదు.

పళ్ళేల్లో ఆరి మిగిలిన పలుచటి పొరల్ని డంబెల్ ఆకారంలో కత్తిరించి యంత్రానికి బిగించి లాగాను. ముప్పై అని రాసిన ముక్క బిగుసుకుపోయి, తెల్లబడి, సాగినచోటే ఉండిపోయింది. యాభై అని రాసిన ముక్క రబ్బరు బ్యాండులా సాగి వెనక్కొచ్చింది. దసరాకి ముందు తీసిన లెక్కలకి ఇది పూర్తిగా తిరగబడింది. మళ్ళీ చేశాను, అదే. ఆ నెలాఖరుకే ప్రాజెక్టు రిపోర్టు వెళ్ళాలి. మా గైడు కాగితాలు చూసి బల్ల మీద విసిరికొట్టారు.

"ఇదేటమ్మా ఇది? మూడేళ్ళు ఏం చేశావు? ఇది పంపితే నన్ను చూసి నలుగురూ నవ్వరూ?"

నోరు తెరిచాను. ఏం చెబుదామనుకున్నానో నాకే తెలీదు, బయటికి వచ్చింది మాత్రం ఇది: "సార్, పిన్ని పళ్ళేలు ఎండలో పెట్టేసింది."

ఆయన మొహం తేటబడింది. ఆ తేటబడడం చూసి నాకూ ఊపిరి వచ్చింది. అదీ నా సంగతి. "అయితే రాసి ఇయ్యి. సిబ్బంది నిర్లక్ష్యం వల్ల నమూనాలు పాడయ్యాయని ఉంటే, గడువు పొడిగించమని అడగొచ్చు" అన్నారు.

ఎండకి రబ్బరు గట్టిపడుతుంది, నిజమే. పాత సైకిలు ట్యూబు చూసినవాడెవడికైనా తెలుసు. ముప్పైది బిగుసుకుపోవడానికి ఎండని అనొచ్చు. మరి యాభైది మెత్తబడిందే? ఎండ గట్టిదాన్ని రబ్బరు చేస్తుందా? అంత చదువు చదివిన నాకు ఈ ఒక్క ప్రశ్న తట్టలేదంటే నమ్ముతారా? తట్టింది. తట్టగానే తోసేశాను. అక్కడే నిలబడి, ఆయన పెన్నుతోనే, అర పేజీ రాసి ఇచ్చాను. మొదటి వాక్యంలోనే పిన్ని పేరు, ఇంటిపేరుతో సహా. దరఖాస్తు రాసిన చెయ్యే కాబట్టి స్పెల్లింగు వెతుక్కోనక్కర్లేకపోయింది.

మర్నాడు పిన్నిని గదిలోకి పిలిచారు. నేను గోడ వార నిలబడ్డాను. ఏజెన్సీ మనిషి కూడా వచ్చాడు.

"ఎండలో పెట్టావా, లేదా?" అన్నారు మా గైడు.

"ఎట్టినాను బాబూ. నిజిమే."

"సరే, ఒప్పుకుంది కదా" అని ఆయన ఏజెన్సీ మనిషి వైపు తిరిగారు.

పిన్ని కదల్లేదు. "ఒక మాట బాబూ. సేప ఎండితే గట్టిపడతాది గానీ మెత్తబడదు గదా. మొండిది ఎండకి మెత్తగెలా అవుద్ది? అమ్మడికి ఆ రోజే సెప్పినాను, సీసాలు అటిటు అయినాయేమో సూసుకోమని."

మా గైడు, ఏజెన్సీ మనిషి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. "నువ్వు మాకు సైన్సు చెప్పకు తల్లీ" అన్నారాయన. పిన్ని నా వైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు, అవును చెప్పింది అని. నేను చేతిలో ఫైలు తాడు ముడి విప్పుతూ, వేస్తూ నిలబడ్డాను. పర్మినెంటు జాబితాలో పిన్ని పేరు కొట్టేశారు. ఆ నెల తిరక్కుండానే ఏజెన్సీ వాళ్ళు వేరే ఆవిడని పంపారు. పిన్ని వెళ్ళేటప్పుడు గ్లాసు సామానంతా కడిగి బోర్లించి వెళ్ళింది. నాకు చెప్పలేదు.

అప్పటినుంచి ఆ రెండు సీసాల జోలికి నేను పోలేదు. వేసవిలో హైదరాబాదు నుంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలు వచ్చాయి. ఆ విడత ముక్కల్ని కూడా అప్పుడే పంపి ఉంచాను. కవరు చింపి బల్ల మీద పరిచాను. ముప్పై అని రాసిన ఫొటోలో నలుపూ తెలుపూ పొరలు, దువ్వి పెట్టినట్టు చారలు. యాభై అని రాసిన దాంట్లో చుక్కలు చుక్కలుగా కడ్డీల కొసలు. ఎండ పొరని పాడు చెయ్యగలదు, పసుపు రంగుకి తిప్పగలదు. ముప్పైని తీసుకెళ్ళి ఇంత చక్కని యాభై చెయ్యలేదు. కుర్చీ లాక్కుని షెల్ఫు ముందు కూర్చున్నాను. గ్లవ్స్ తీసేశాను. మొదటి సీసా మూత తీసి నాలుగు పలుకులు అరచేతిలో వేసుకుని గోళ్ళతో నొక్కి లాగాను. మొండిగా ఉంది. రెండోది జీడిలా సాగింది. మూత తిప్పి చూస్తే ప్లాస్టర్ అంచుల్లో దసరా పసుపు ఇంకా ఉంది. ఆ రోజు మూతలు కడిగిందీ, బిగించిందీ నేనే.

తర్వాత కొలతలన్నీ తీశాను, అనుమానానికి చోటు లేదు. మా గైడు దగ్గరికి వెళ్ళి, మూతలు మార్చింది నేనే సార్, పిన్ని తప్పు లేదు, ఇంకో కాగితం రాసి ఇస్తాను అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మూతలు సరి చేసుకుని మళ్ళీ చెయ్యి. ఆ విడత తీసేశాం కదా, తీసేసినట్టే ఉంచు. ఇప్పుడు నువ్వు కాగితం రాస్తే నీ మూడేళ్ళ లెక్కలూ ఎవరూ నమ్మరు. నీ థీసిస్ పోతుంది, నా ప్రాజెక్టు పోతుంది. ఆవిడ ఉద్యోగం ఎలాగూ రాదు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. నా పెళ్ళి, ఇంట్లో వాళ్ళ ఎదురుచూపులు, నా వయసు, అన్నీ ఆలోచించుకున్నాను. ఆ ఆలోచన తేలే లోపు థీసిస్ అచ్చయింది, వైవా అయింది, శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఫొటోలో మా గైడు పక్కన నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటాను. ఉద్యోగంలో చేరిన ఏడాదికి సిగ్గు తెచ్చుకుని లైబ్రరీకి వెళ్ళి, ఆ వాక్యం దిద్దడానికి వీలుందా అని అడిగాను. అలాంటి పద్ధతి లేదండీ అన్నారు. ఏజెన్సీకి వెళ్తే, ఆ కాంట్రాక్టే మారిపోయిందని చెప్పి పంపేశారు.

ఇంక మిగిలింది పిన్ని పుట్టిల్లు, భావనపాడు. మొన్న మార్చిలో వెళ్ళాను. శ్రీకాకుళం మీదుగా టెక్కలి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారంతా ఏమని మొదలుపెట్టాలో అల్లుకుంటూనే ఉన్నాను. ఒడ్డు మీద వలలు పరిచి, వాటి మీద కవ్వళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు నలుగురైదుగురు వంగి తిరగేస్తున్నారు. పిన్ని తల ఎత్తి నన్ను చూసింది. బాగా నల్లబడిపోయింది, చిక్కిపోయింది. "ఎవలూ?" అని, పోల్చుకుని, మళ్ళీ చేపల వైపు తిరిగిపోయింది. ఆవిడ మేనకోడలు, ఇంటర్ దాకా చదువుకున్న అమ్మాయి, నాకు బోర్లించిన బుట్ట ఒకటి జరిపింది.

అల్లుకున్నదంతా మరిచిపోయి, గబగబా చెప్పేశాను. పూజ రోజు మూతలు కడగడం, తప్పు బిగించడం, ఫొటోలు, అన్నీ. నా కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. పిన్ని చేప తిరగేస్తూనే వింది.

"మూతలేటి? నాకు మూతల సంగతి తెలీదు. సీసాలు మారినాయని మాత్రం సెప్పినాను. సెప్పినానా, నేదా?"

"చెప్పావు పిన్నీ."

"ఆ గదిలో నీకేసి సూసినాను. సూసినానా, నేదా?"

"చూశావు."

"మరి ఇప్పుడు ఇక్కడికొచ్చి ఏడుత్తావేటి? ఇక్కడ అందరూ నన్నేటనుకున్నారో తెలుసా నీకు? పెద్ద కాలేజీలో ఏదో ఎత్తుకొచ్చేసిందనుకున్నారు. ఊరికే ఎవలైనా తీసేస్తారేటి, పదకొండేళ్ళు సేసినదాన్ని? మా తమ్ముడే అన్నాడా మాట." నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. "కాగితం రాయడం వచ్చు గదా నీకు. రాయి. ఇప్పుడే రాయి. ఇది సదువుద్ది, ఈళ్ళందరూ వింటారు."

బ్యాగులోంచి కాగితం తీశాను. మొదట ఏదో రాసి చింపేశాను. రెండోది మేనకోడలు తీసుకుని గట్టిగా చదివింది. "ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు వల్ల ఈమెకు అన్యాయం జరిగిందని తెలియజేస్తున్నాను." ఆడవాళ్ళు పని ఆపి వింటున్నారు.

"ఎవలి పొరపాటో నేదేటి అందులో?" అంది పిన్ని.

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెన్ను కదలడం లేదు. ఇంత దూరం వచ్చి, ఇంత ఏడ్చి కూడా, నా పేరు రాయడానికి నా చెయ్యి రావడం లేదు. పిన్ని అలా చూస్తూనే ఉంది.

"ఆ దినం నా పేరు రాయడానికి ఎంతసేపు పట్టినాది అమ్మడూ?"

పది నిమిషాలు కూడా పట్టలేదు, ఒక్క కొట్టివేత కూడా లేదు. మూడో కాగితం మీద నా పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. మూతలు తప్పు బిగించింది నేను, ఆవిడ ముందే చెప్పినా విననిది నేను, తెలిసి కూడా నోరు విప్పనిది నేను, తెలిశాక కూడా దాచింది నేను అని రాశాను. మేనకోడలు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక ముసలావిడ "ఓలమ్మ ఓలమ్మ" అని బుగ్గలు నొక్కుకుంది. పిన్ని కాగితం తీసుకుని, మడిచి, మేనకోడలికిచ్చి "మీ అయ్యకి కూడా సదివి ఇనిపించు" అంది. నా వైపు తిరిగి మంచిదనో, పోనీలే అనో అనలేదు. నేను దాని కోసమే ఎదురు చూశానని అప్పుడే తెలిసింది నాకు.

ఇంతలో దక్షిణం వైపు మబ్బు కమ్మింది. నాలుగు చినుకులు పడ్డాయి. "ఎత్తండే, ఎత్తండే, బేగి!" అని ఆడవాళ్ళు వలల మీద పడ్డారు. పిన్ని ఒక్కతే ఒక వల అంచు పట్టుకుని తంటాలు పడుతోంది. చెప్పులు విడిచి పరిగెత్తి రెండో అంచు దగ్గర వంగి, చెదిరిన చేపల్ని దోసిలితో తియ్యబోయాను.

"ముట్టుకోకు" అంది పిన్ని. "నీకు తెలీదు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.